మైండ్ అప్‌లోడింగ్: మగ్గం మారిన మనసు

మైండ్ అప్‌లోడింగ్ అంటే మనిషి మెదడులోని నాడీకణాల అల్లికను పూర్తిగా చదివి, ఆ చదివినదాన్ని కంప్యూటర్‌లో నడిపించి, ఆ మనిషి జ్ఞాపకాలూ స్వభావమూ ఆలోచనా అక్కడ కొనసాగేలా చేయాలన్న ఊహ. దీన్ని ‘సంపూర్ణ మెదడు అనుకరణ’ అని కూడా అంటారు. ఏ మనిషి విషయంలోనూ ఇది ఇంతవరకు జరగలేదు. ఎలుక విషయంలోనూ జరగలేదు. అయినా గడిచిన నలభై ఏళ్లలో ఈ ఊహ సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు దాటి నాడీశాస్త్ర ప్రయోగశాలలకూ, తత్వశాస్త్రం తరగతులకూ, చివరికి తెలుగు మాస్ సినిమాకూ పాకింది.

ఇందులో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. చేయగలమా అన్నది మొదటిది. అది యంత్రాల సంగతి, ఖర్చు సంగతి, ఓపిక సంగతి. చేసినా సరే, అక్కడ కళ్లు తెరిచేది ఆ మనిషేనా, లేక అచ్చం అతనిలా మాట్లాడే మరొకరా అన్నది రెండోది. ఇది మాత్రం కొత్త ప్రశ్న కాదు. కంప్యూటర్ అన్న మాట పుట్టకముందే బేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగాడు, పింగళి సూరన అడిగాడు, నాగార్జునుడి పేరుమీద నిలిచిన ఒక బౌద్ధ గ్రంథమూ అడిగింది.

ఈపురుపాలెం అట్టలు

బాపట్ల జిల్లాలో చీరాలను ఆనుకుని ఉన్న ఈపురుపాలెం నేత ఊరు. గుంట మగ్గానికి పైన జకార్డు పెట్టె బిగించి, చిల్లులు పొడిచిన అట్టల దండ వేలాడదీసి నేయడం చీరాల ప్రాంతంలో మామూలుగా కనిపించే పని. డిజైను ముందు గళ్ల కాగితం మీద పుడుతుంది. గడి నిండితే చిల్లు, ఖాళీగా ఉంటే చిల్లు లేదు. ఆ లెక్కన అట్టలు పొడిచి, వరసగా కుట్టి, పెట్టె మీదికి ఎక్కిస్తారు. తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట ముందుకొస్తుంది. చిల్లు ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును పైకి లాగుతుంది, నాడె ఆ సందులోంచి పేక పోగును తీసుకుపోతుంది. అంచు మీద హంసను నేసేది నేతగాడి చెయ్యే. కానీ హంస ఉన్నది అట్టల్లో.

కంప్యూటర్ వంశవృక్షంలో ఈ అట్టలది ముత్తాత వరస. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో ఈ యంత్రాన్ని రూపొందించాడు. 1830లలో ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన ‘ఎనలిటికల్ ఇంజన్’కు ఆదేశాలివ్వడానికి అట్టల పద్ధతినే అరువు తెచ్చుకున్నాడు. బాబేజ్ దగ్గర జకార్డ్ చిత్రపటం ఒకటి ఉండేది. చూస్తే చెక్కి అచ్చేసిన బొమ్మలా ఉంటుంది, నిజానికి అది పట్టు నేత. దాన్ని నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. ఒక మనిషి ముఖం చిల్లులుగా మారి, మళ్లీ ముఖంగా లేచింది.

అప్‌లోడింగ్ వాదానికి పునాది ఇదే. మనసు పోగులో లేదు, అల్లికలో ఉంది అంటారు ఈ వాదులు. పట్టు బదులు నూలు వేసినా హంస హంసే అయినట్టు, నాడీకణం బదులు సిలికాన్ చిప్ పనిచేసినా మనసు మనసేనని వారి లెక్క.

దీనికి ఎదురుమాట కూడా ఆ మగ్గం దగ్గరే దొరుకుతుంది. అవే అట్టలు పక్క మగ్గానికి ఎక్కించి నేసిన చీర మొదటి చీరలాంటిదే, మొదటి చీర మాత్రం కాదు. ఒకదాని మీద నూనె మరక పడితే రెండోదానికి అంటదు. ఒకటి చీరాలలో అమ్ముడై, రెండోది బీరువాలో మడతల్లో ఉండిపోవచ్చు. డిజైను ఒకటే, చీరలు రెండు. మనిషి డిజైనా, చీరా? మైండ్ అప్‌లోడింగ్ మీద సాగే తత్వచర్చలో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేదే.

శాస్త్రం ఎంతదాకా వచ్చింది

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఒక్కొక్కటి వేల ఇతర కణాలతో సంధులు కట్టుకుంటుంది. ఈ సంధుల మొత్తం పటానికి ‘కనెక్టోమ్’ అని పేరు.

పూర్తి పటం మొదట దొరికింది ఒక పురుగుకు. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే నులిపురుగు నాడీవ్యవస్థలో ఉన్నవి 302 కణాలే. సిడ్నీ బ్రెన్నర్, జాన్ వైట్ బృందం దాన్ని పొరలు పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసి, చేత్తో దారులు గీసుకుంటూ 1986లో ప్రచురించింది. తర్వాతి పెద్ద మెట్టు పూర్తిగా ఎదిగిన పండ్ల ఈగ. 2024 అక్టోబరులో ‘ఫ్లైవైర్’ బృందం 1,39,255 నాడీకణాలు, సుమారు 5 కోట్ల సంధులతో ఈగ మెదడు పటాన్ని విడుదల చేసింది. అదే ఏడు మనిషి మెదడు పైపొరలోంచి శస్త్రచికిత్సలో తీసిన ఒక ఘన మిల్లీమీటరు ముక్క పటం హార్వర్డ్, గూగుల్ శాస్త్రజ్ఞుల చేతుల మీదుగా బయటికొచ్చింది. అందులో సుమారు 57,000 కణాలు, 15 కోట్ల సంధులు తేలాయి. బియ్యపు గింజలో సగం కూడా లేని ఆ ముక్క ఫొటోలు దాచడానికి 1,400 టెరాబైట్లు పట్టింది. మెదడు మొత్తం దాదాపు 12 లక్షల ఘన మిల్లీమీటర్లు. ఈ లెక్కన ఒక మనిషి మెదడు ఫొటోలకే 170 కోట్ల టెరాబైట్ల దాకా కావాలి.

2025 ఏప్రిల్‌లో ‘మైక్రాన్స్’ పథకం ఎలుక దృష్టి కేంద్రంలోని ఒక ఘన మిల్లీమీటరు పటాన్ని ప్రచురించింది. అందులో 2 లక్షలకు పైగా కణాలు, 52.3 కోట్ల సంధులు ఉన్నాయి. కోయడానికి ముందు ఆ ఎలుకకు వీడియోలు చూపించి, ఏ కణం ఎప్పుడు మెరిసిందో నమోదు చేశారు. ఆ వీడియోల్లో ‘మ్యాట్రిక్స్’ సినిమా ముక్కలు కూడా ఉన్నాయి.

పటం ఉంటే మెదడు నడుస్తుందా అంటే, కొంతవరకే. ఈగ పటాన్ని కంప్యూటర్‌లో నడిపిన ఒక బృందం, తీపి తగిలినప్పుడు ఈగ నోటిగొట్టం చాపేలా చేసే కణాలు ఏవో ముందే చెప్పగలిగింది. జానెలియా పరిశోధన కేంద్రంలో శ్రీనివాస్ తురగ బృందం, ఈగ కంటి వెనుక కణాలు ఏ కదలికకు ఎలా స్పందిస్తాయో పటం ఆధారంగా ఊహించింది. ఈ రెండు ఫలితాలూ 2024లో వచ్చినవే. ఇక నులిపురుగు పటం చేతికొచ్చి నాలుగు దశాబ్దాలు కావస్తున్నా, ఆ 302 కణాలతో పురుగు బతుకంతటినీ తెరమీద నడిపించడం ఇంకా ఎవరికీ సాధ్యపడలేదు. పటంలో తీగలు కనిపిస్తాయి గానీ, ఏ తీగ ఎంత బలంగా లాగుతుందో, ఏ రసాయనం ఏ క్షణాన విడుదలై మొత్తం ఆటను మారుస్తుందో కనిపించదు. ఊరి రోడ్ల పటం చూసి ఆ ఊరి సంత ఎలా నడుస్తుందో చెప్పలేనట్టే ఇది.

కోయడమా, అతకడమా

అప్‌లోడింగ్‌కు ఊహించిన దారులు ముఖ్యంగా రెండు. మొదటిది కోత దారి. మెదడును రసాయనాలతో గట్టిపరచి, నానోమీటర్ల మందాన పొరలు తీసి, చదివి, కంప్యూటర్‌లో తిరిగి అల్లడం. 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆండర్స్ శాండ్‌బర్గ్, నిక్ బోస్ట్రమ్ రాసిన ప్రణాళిక ప్రధానంగా దీని మీదే నడుస్తుంది. 2018లో పంది మెదడును సంధులు చెదరకుండా భద్రపరచినందుకు ‘బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్’ బహుమతి ఇచ్చింది. ఆ పద్ధతిని మనుషులకు వాడతామని అదే ఏడాది నెక్టోమ్ అనే సంస్థ ముందుకొచ్చినప్పుడు గగ్గోలు పుట్టింది. కారణం ఒక్కటే. ఈ పని సరిగా జరగాలంటే మనిషి చావక తప్పదు.

రెండోది అతుకు దారి. రోబో శాస్త్రజ్ఞుడు హన్స్ మొరావెక్ 1988లో ‘మైండ్ చిల్డ్రన్’ పుస్తకంలో దీన్ని బొమ్మకట్టి చూపించాడు. మనిషి మెలకువగా ఉండగానే యంత్రం మెదడును కొంచెం కొంచెంగా చదివి, ఆ కొంచెం పనిని కంప్యూటర్‌కు అప్పగించి, తేడా లేదని రోగి చెప్పాక పాత భాగాన్ని తీసేస్తుంది. అలా చివరి కణం దాకా. ఏ ఒక్క క్షణంలోనూ తెలివి తెగదు.

నేత ఇళ్లలో దీనికి చాలా దగ్గరి పని ఒకటుంది. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలను అచ్చులోంచి లాగేయరు. అవి అలాగే ఉండగా, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు, గంటల పని, కళ్లు లాగేస్తాయి. అన్నీ అతికాక మెల్లగా లాగితే ముడులు అచ్చు దాటి వచ్చేస్తాయి, మగ్గం మళ్లీ పలుకుతుంది. పోగులన్నీ కొత్తవి, వరస పాతదే. ఏ పోగు దగ్గర పాత పడుగు పోయి కొత్తది వచ్చిందని వేలుపెట్టి చూపించలేరు. మొరావెక్ ఊహ బలమంతా ఇలా చూపించలేకపోవడంలోనే ఉంది.

తలా, జ్ఞాపకమా, దేహమా

ఈ మనిషి నిన్నటి మనిషే అని దేన్నిబట్టి చెబుతాం? తత్వవేత్తలు ఇచ్చిన జవాబులను మూడు నాలుగు గుంపులుగా సర్దవచ్చు. ప్రతి గుంపుకూ తెలుగు పాఠకులకు తెలిసిన కథ ఒకటి తోడుంది.

చందమామ చదివి పెరిగినవాళ్లకు బేతాళ ప్రశ్నలు కొత్తగా చెప్పక్కర్లేదు. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక వ్యవస్థాపకుల్లో చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలివారే. బేతాళ కథల పాత మూలం సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉంది. అందులో ఒక కథలో ఒక ఇల్లాలి భర్త, అన్న ఇద్దరూ అమ్మవారి గుడిలో తలలు నరుక్కుంటారు. అతికించుకోమని దేవి వరమిస్తే, ఆ ఇల్లాలు తొందరలో ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెట్టేస్తుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఇప్పుడు ఆమె భర్త ఎవరు? అవయవాల్లో తల ప్రధానం కనుక భర్త తల ఉన్నవాడే భర్త అంటాడు రాజు. నేటి భాషలో ఇది మెదడు సిద్ధాంతం. థామస్ మన్ 1940లో ఇదే కథను జర్మన్‌లో నవలికగా మలిచాడు. గిరీశ్ కర్నాడ్ ‘హయవదన’ నాటకానికీ ఇదే మూలం.

రెండో జవాబు జ్ఞాపకం. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 1694లో దీన్ని స్పష్టంగా చెప్పాడు. రాకుమారుడి జ్ఞాపకాలన్నీ చెప్పులు కుట్టేవాడి దేహంలో మేలుకుంటే, ఆ మేలుకున్నది రాకుమారుడే అన్నాడు. అంతకు శతాబ్దం ముందే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఇలాంటి ఘట్టాన్ని ఇంకా చమత్కారంగా కట్టాడు. మధురలాలస అనే పసిబిడ్డకు వేసిన హారంలోని మణి రొమ్ముకు తగిలితే పూర్వజన్మ గుర్తొచ్చి పెద్దవాళ్లలా మాట్లాడుతుంది. మణి పక్కకు జరిగితే మళ్లీ ఉంగా ఉంగా అంటుంది. జ్ఞాపకం బయటి వస్తువులో ఉండి, తగిలించుకుంటే వచ్చి, తీస్తే పోవడం ఆ పదహారో శతాబ్దపు కావ్యంలో ఉంది.

జ్ఞాపకం సిద్ధాంతానికి రెండు పెద్ద చిక్కులున్నాయి. 1785లో థామస్ రీడ్ ఒకటి చూపించాడు. చిన్నప్పుడు తోటలో దొంగతనం చేసి దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయి సైనికాధికారి అయ్యాడు. అప్పుడు ఆ దెబ్బలు గుర్తున్నాయి. ముసలివాడై సేనాపతి అయ్యాక అధికారిగా చేసినవి గుర్తున్నాయి, దెబ్బలు లేవు. మరి సేనాపతి ఆ పిల్లవాడేనా, కాదా? రెండోది అమెరికాలో జరిగిన నిజజీవిత సంగతి. మూర్ఛ తగ్గించడానికి 1953లో హెన్రీ మొలైసన్ మెదడులో హిప్పోకాంపస్ భాగాన్ని రెండువైపులా చాలావరకు తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త జ్ఞాపకం నిలవలేదు. పొద్దున పలకరించిన డాక్టరు మధ్యాహ్నానికి కొత్తమనిషే. 2008లో చనిపోయేదాకా అర్ధ శతాబ్దం అలా బతికిన ఆయన్ను ఎవరూ వేరే మనిషి అనలేదు. ఆయన మర్యాద, హాస్యం అలాగే ఉన్నాయని చూసినవాళ్లు చెప్పారు. మరణించాక ఆ మెదడును గడ్డకట్టించి 2,401 పొరలుగా కోసి డిజిటల్ రూపంలో భద్రపరిచారు. ఒక మనిషి మెదడు ముక్కముక్కగా కంప్యూటర్‌లోకి చేరిన ఉదాహరణల్లో ఇది ప్రసిద్ధమైనది. ఆ కంప్యూటర్‌లో మొలైసన్ ఉన్నాడని మాత్రం ఎవరూ అనరు.

మూడో జవాబు దేహం. ఎరిక్ ఓల్సన్ 1997లో రాసిన ‘ది హ్యూమన్ యానిమల్’ దీనికి ప్రసిద్ధ వకాల్తా. మనిషంటే ఒక ప్రాణి. ఆ ప్రాణి బతుకే అతని బతుకు. ప్రాణిని కంప్యూటర్‌లోకి ఎక్కించలేం కనుక అప్‌లోడ్ అయ్యేది మనిషి కాదు. దేహం మీది ఈ మమకారానికి రేపల్లె వైపు ఒక పాత సాక్ష్యం ఉంది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు ధాతుపేటికలు దొరికాయి. వాటి మీది బ్రాహ్మీ శాసనాల్లో ఒకటి, కురుడి తండ్రి, తల్లి, కురుడు, శివుడు కలిసి బుద్ధుడి శరీర ధాతువుల కోసం పేటికను, స్ఫటికపు భరిణెను చేయించారని చెబుతుంది. నేను అనేది లేదని బోధించినవాడి ఎముక ముక్కను అంత జాగ్రత్తగా స్ఫటికంలో దాచారు.

శవంతో మారిన దేహం

నాలుగో జవాబు అసలు ప్రశ్ననే తిప్పికొడుతుంది. శాతవాహన కాలంనాటి ఆంధ్రదేశంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడి పేరుమీద మహాప్రజ్ఞాపారమితా వ్యాఖ్య ఒకటుంది. మూలం దొరకదు. ఐదో శతాబ్దం తొలినాళ్లలో కుమారజీవుడు చేసిన చైనా అనువాదమే మిగిలింది. రచయిత నాగార్జునుడేనా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు.

అందులో ఒక కథ. దూరప్రయాణంలో ఉన్న ఒకతను పాడుబడ్డ ఇంట్లో రాత్రి తలదాచుకుంటాడు. ఒక దెయ్యం శవాన్ని మోసుకుంటూ వస్తుంది. వెనకే ఇంకో దెయ్యం వచ్చి ఆ శవం నాదంటుంది. సాక్ష్యం చెప్పమని ఇతన్ని నిలదీస్తాయి. ఎటు చెప్పినా చావే కదా అని, ముందొచ్చిన దెయ్యమే తెచ్చిందని నిజం చెబుతాడు. రెండోదానికి కోపమొచ్చి అతని చెయ్యి పీకేస్తుంది. మొదటిది శవం చెయ్యి తీసి అక్కడ అతికిస్తుంది. ఇంకో చెయ్యి, కాళ్లు, పక్కలు, తల, అన్నీ అలాగే మారిపోతాయి. తర్వాత దెయ్యాలు రెండూ కలిసి అతని పాత దేహాన్ని తినేసి, మూతులు తుడుచుకుని వెళ్లిపోతాయి. తెల్లారాక అతను పరుగున బౌద్ధ భిక్షువుల దగ్గరికి వెళ్లి, నాకు దేహం ఉందా లేదా చెప్పండి అని అడుగుతాడు. నువ్వెవరని వాళ్లు అడిగితే, మనిషినో కాదో అదీ తెలియడం లేదంటాడు. భిక్షువుల జవాబు ఏమిటంటే, నీ దేహంలో ‘నేను’ లేకుండా పోవడం ఈ రాత్రి జరిగింది కాదు, మొదటి నుంచీ అంతే.

మొరావెక్ యంత్రం చేసే పనిని ఈ దెయ్యాలు చేశాయి. బేతాళుడి కథలో తేడా తేల్చిన తల కూడా ఇక్కడ మారిపోయింది. ప్రతి ముక్కా పరాయిదైనా అనుమానపడే మనసు మాత్రం ఒకటే ధారగా సాగింది.

ఆధునిక పాశ్చాత్య తత్వంలో ఈ దారికి దగ్గరగా వచ్చినవాడు ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డెరెక్ పార్ఫిట్. 1984లో వచ్చిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’లో ఆయన ఒక యంత్రాన్ని ఊహించాడు. అది భూమ్మీద మనిషిని స్కాన్ చేసి చెరిపేసి, అంగారకుడి మీద కణంకణంగా తిరిగి కడుతుంది. ఒకరోజు యంత్రం మెరుగుపడి, ఇక్కడి మనిషిని చెరపకుండానే అక్కడ కడుతుంది. ఇద్దరు మిగులుతారు. వారిలో అసలు ఎవరన్న ప్రశ్నకు లోతైన జవాబేదీ లేదని, జ్ఞాపకాలూ స్వభావమూ కొనసాగడమే ముఖ్యమని, ‘అదే మనిషా’ అన్నదానికి అంత విలువ లేదని ఆయన తేల్చాడు. ఈ విషయంలో బుద్ధుడు తనతో ఏకీభవిస్తాడని పుస్తకం చివర అనుబంధంలో రాసుకున్నాడు కూడా.

వెళ్లడం వేరు, నకలెత్తడం వేరు

తెలుగువారికి బాగా తెలిసిన పరకాయ ప్రవేశం అప్‌లోడింగ్‌కు పాత రూపంలా కనిపిస్తుంది. శంకరాచార్యుడు ఉభయభారతితో వాదం కోసం అమరుక మహారాజు దేహంలోకి ప్రవేశించిన కథ ఉంది. విక్రమార్కుడి కథల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. కానీ తేడా పెద్దది. పరకాయ ప్రవేశంలో పాత దేహం ఖాళీ అవుతుంది. అందుకే శిష్యులు దాన్ని గుహలో కాపలా కాయాలి. వెళ్లినవాడు ఒకడే, ఎక్కడున్నా ఒకడే.

చరిత్రలో ఊళ్లకు ఊళ్లే అలా వెళ్లాయి. మునిసిపాలిటీ పన్నులకు నిరసనగా 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల-పేరాల జనం ఇళ్లొదిలి, ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు బతికారు. అప్పుడు చీరాల ఎక్కడుంది? ఖాళీ వీధుల్లోనా, పాకల మధ్యా? ఎవరు ఏ జవాబిచ్చినా, ఆ జనం ఒకేచోట ఉన్నారు. ఆ జనమే వెనక్కి వచ్చారు. దాంతో ప్రశ్న కూడా సద్దుమణిగింది.

కంప్యూటర్‌లో అలా జరగదు. ఫైలును ఒక యంత్రం నుంచి ఇంకోదానికి ‘పంపడం’ అంటే అక్కడ నకలు రాయడం, ఇష్టమైతే ఇక్కడిది చెరపడం. వెళ్లడమనేది నిజానికి నకలు, చెరుపు అనే రెండు పనులకు పెట్టిన పేరు. చెరపకపోతే ఇద్దరు ఉంటారు. ఇద్దరికీ ఒకటే పెళ్లి గుర్తు, ఒకటే అప్పు గుర్తు, ఒకటే తల్లి చేతివంట గుర్తు.

ఈ ఇరకాటాన్ని తెలుగు సాహిత్యంలో ధైర్యంగా తలకెత్తుకున్నది మళ్లీ సూరనే. కళాపూర్ణోదయంలో కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది, మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. ఇద్దరు రంభలు ఎదురుపడి అసలు నేనంటే నేనని తగవుకు దిగుతారు. అయితే సూరన కథలో అసలు ఎవరో కవికి తెలుసు, చివరికి పాఠకుడికీ తెలుస్తుంది. పార్ఫిట్ కథలో తెలిసేవాళ్లే లేరు.

బుర్ర మారిన శంకర్

2019 జులైలో విడుదలైన పూరి జగన్నాథ్ ‘ఇస్మార్ట్ శంకర్’లో రామ్ పోతినేని పాత్ర శంకర్ ఒక కిరాయి రౌడీ. చనిపోయిన సీబీఐ అధికారి అరుణ్ జ్ఞాపకాలను ఒక నాడీ శాస్త్రవేత్త అతని మెదడులోకి ఎక్కిస్తుంది. ఒక్కోసారి అధికారిలా మాట్లాడతాడు, మరుక్షణం పాతబస్తీ యాసలోకి జారతాడు. లాక్ చెప్పిన రాకుమారుడు ఇక్కడ చెప్పులవాడి దేహంలో ఒంటరిగా లేడు, ఇంటి సొంతదారుతో పాటు ఉన్నాడు. 2024 ఆగస్టులో వచ్చిన ‘డబుల్ ఇస్మార్ట్’లో సంజయ్ దత్ వేసిన విలన్‌కు మెదడులో కణితి. చావు తప్పించుకోవడానికి తన జ్ఞాపకాలను శంకర్‌లోకి ఎక్కించుకోవాలని చూస్తాడు. జ్ఞాపకాలు వెళితే తాను వెళ్లినట్టేనని ఆ పాత్ర నమ్మకం. లాక్ చెప్పింది మాస్ విలన్ నోట్లోంచి వస్తుంది.

జ్ఞాపకమే మనిషి అన్న మాటకు భారతీయ ఆలోచనాపరుల్లో భిన్నమైన స్వరమూ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దృష్టిలో ‘నేను’ అంటే జ్ఞాపకాల పోగే. అయితే ఆయనకు అది దాచుకోవలసిన సంపద కాదు, విడిపించుకోవలసిన ముడి. 1980లలో ఆయన ప్రసంగాల్లో కంప్యూటర్ ప్రస్తావన తరచూ వచ్చేది. మెదడు చేసేదంతా యంత్రం చేస్తే మనిషికి మిగిలేదేమిటని ఆయన అడిగేవారు.

లోపల దీపం ఉందా

అసలు నకలుకు తెలివి ఉంటుందా అన్నది ఇంకో పాయ. 1980లో జాన్ సెర్ల్ ‘చైనా గది’ ఉదాహరణ చెప్పాడు. చైనా భాష రాని మనిషి గదిలో కూర్చుని, నియమాల పుస్తకం చూసి చైనా ప్రశ్నలకు తప్పులేని జవాబులు బయటికి పంపుతాడు. బయటివాళ్లకు అతను భాష తెలిసినవాడే, లోపల ఒక్క ముక్కా అర్థం కాలేదు. కంప్యూటర్‌లోని మనసు కూడా ఇంతేనని సెర్ల్ వాదం. తుపాను అనుకరణ కంప్యూటర్‌ను తడపనట్టే, మెదడు అనుకరణలో అనుభవం పుట్టదంటాడు.

డేవిడ్ చామర్స్ దీనికి ఎదురుగా అతుకు దారిని ఆసరా చేసుకున్నాడు. కణం కణంగా చిప్‌లు పెడుతుంటే అనుభవం ఎక్కడో ఆరిపోవాలి. ఒక్కసారిగా ఆరితే, ఒకే ఒక్క కణం దగ్గర మనసు మాయమైందనడం వింతగా ఉంటుంది. కొద్దికొద్దిగా మసకబారితే, మాటల్లో చేతల్లో ఏ తేడా లేకుండా లోపల చూపు సగం పోయినవాడు ఉండాలి. రెండూ నమ్మశక్యంగా లేవు కనుక అల్లిక నిలిస్తే అనుభవమూ నిలుస్తుందని ఆయన ముగింపు. ఈ వాదాలను ప్రయోగంతో తేల్చే దారి మాత్రం ఇంకా లేదు.

గొంతు ఎవరిది

పూర్తి మనసు ఎక్కించడం దూరంలో ఉన్నా, మనిషిలో ఒక ముక్కను నడిపించడం ఇప్పటికే వచ్చేసింది. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. 2023లో విడుదలైన ‘కీడా కోలా’ సినిమాలో కృత్రిమ మేధతో పుట్టించిన ఆయన గొంతును అనుమతి లేకుండా వాడారంటూ కుమారుడు ఎస్.పి. చరణ్ మరుసటి ఏడు చిత్రబృందానికి లీగల్ నోటీసు పంపించారు. గొంతు బాలుదే, పాడినది బాలు కాదు. అక్కడ ఎవరికీ అయోమయం లేదు. తగవంతా హక్కు గురించే. పోయినవారి నకలును నడిపే హక్కు ఎవరిది? వారు బతికుండగా అడిగి ఉంటే ఒప్పుకునేవారా?

భారతదేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మనిషి తాను చనిపోయినా అశక్తుడైనా తన సమాచార హక్కులను వినియోగించడానికి ఒక నామినీని పెట్టుకునే వీలు కల్పించింది. బ్యాంకు ఖాతాకు రాసినట్టే ఇది. కానీ ఈ చట్టం మనిషికీ అతని సమాచారానికీ మధ్య గీత గీసుకుని మాట్లాడుతుంది. సమాచారమే తాను మనిషినని లేచి చెప్పే రోజు వస్తే ఆస్తి ఎవరిది, ఓటు ఎవరిది, అసలువాడు చేసిన నేరానికి శిక్ష ఎవరికి, నకలును ఆపేయడం హత్యా కాదా అన్నవాటికి ఏ దేశ చట్టంలోనూ సమాధానం రాసి లేదు.

ముందున్న పని

పరిశోధన మాత్రం ఆ ప్రశ్నల కోసం ఆగడం లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2023లో మెదడు పటాల కోసం అయిదేళ్లకు 15 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో గణనీయమైన వాటా ఒక్క పథకానికి వెళ్లింది. హార్వర్డ్, గూగుల్ తదితరుల బృందం ఎలుక మెదడులో రెండు మూడు శాతమంత భాగాన్ని పటంగా గీయాలి. వాళ్లు ఎంచుకున్న చోటు హిప్పోకాంపస్. 1953లో హెన్రీ మొలైసన్ మెదడులోంచి తీసేసింది ఈ భాగాన్నే.